ఫ్రాగ్ మార్టన్‌కి బదులు ఏం తాగాలి?

చిన్నా,

పాత డబ్బాలు అమ్మేవాళ్ల దగ్గర ఫ్రాగ్ మార్టన్ పైపు పొగాకు కోసం అంతంత డబ్బు తగలెయ్యకు. దాన్ని తయారుచేసిన కాన్సస్ సిటీ మెక్‌క్లెలండ్ వాళ్లు 2018లో కంపెనీ మూసేశారు, తమకు కావలసిన నాణ్యత ఉన్న ఆకు దొరకడం కష్టమైపోయిందని వాళ్లే చెప్పారు. అంటే రెసిపీ నీ చేతికొచ్చినా అచ్చం అదే రాదు. డన్‌హిల్ పైపు పొగాకు సంగతి వేరు, అదీ ఆ ఏడాదే ఆగింది కానీ అందులోని మై మిక్స్చర్ 965, నైట్‌క్యాప్ లాంటి రకాలు 2019లో పీటర్సన్ అనే ఇంకో బ్రాండు డబ్బాల్లో మళ్లీ వచ్చాయి. ఏది ఆగిపోయిందని విన్నా ముందు ఇంకో కంపెనీ చేతిలో బతికుందేమో చూడు.

నీకు అందులో నచ్చిందేంటి, లటాకియా ఆకు పొగ వాసనా, అడుగున ఉన్న వర్జీనియా ఆకు తీపా? అది తేల్చుకోకుండా డబ్బాలు కొంటూ పోతే జేబు ఖాళీ అవడమే. వర్జీనియా మనకి కొత్తేం కాదు, ఒంగోలు వైపు బ్యారన్లలో క్యూరింగ్ చేసేది ఈ రకమే. మెక్‌క్లెలండ్ ఎర్ర వర్జీనియాకి మాత్రం డబ్బా తియ్యగానే కెచప్ లాంటి పుల్లటి వాసన ఉండేది. దానికోసం వెనిగర్ చల్లే ప్రయోగాలు దయచేసి వద్దు.

కలుపుకుంటానంటే 10 గ్రాములతోనే మొదలుపెట్టు, డిజిటల్ కాటా మీద తూచి: ఎర్ర వర్జీనియా 6, సైప్రస్ లటాకియా 2.5, బ్లాక్ కావెండిష్ (ఆవిరిపట్టి నల్లబరిచిన పొగాకు) 1.5. లటాకియా పొగబెట్టి ఆరబెట్టిన ఆకు, కొంచెం ఎక్కువైందంటే మిగతావి రెండూ ఉన్నట్టే తెలియదు. గాజు సీసాలో వేసి మూత బిగించి రెండు మూడు వారాలు దాని జోలికి పోకు, కలిపిన రోజే తాగి బాలేదనేవాళ్లే ఎక్కువ. మార్చేటప్పుడు ఒక్క ఆకు పాలే మార్చి, ఎంత మార్చావో సీసా మీద రాసుకో. రుచి చూడ్డానికి చవకగా దొరికే కార్న్‌కాబ్ (మొక్కజొన్న కండె) పైపు వాడు, ఎందుకంటే లటాకియా వాసన మంచి పైపుకి పట్టిందంటే ఓ పట్టాన వదలదు. (అసలు మానెయ్యమని రాయండి అంటోంది మీ పిన్ని పక్కనుంచి. ఆరోగ్యం మాటకొస్తే ఆవిడ చెప్పిందే రైటు.)

ఇంకోటి, నీ దగ్గర మిగిలింది ఏళ్ల తరబడి మూతలో మగ్గిన పొగాకు. అందులో లటాకియా ఘాటు ఈపాటికి తగ్గి ఉంటుంది, నిన్న కలిపినదాన్ని దాని పక్కన పెట్టి పోల్చకు.

నీ ఫ్రాగ్ మార్టన్ డబ్బా మీద 'ఆన్ ద బయూ' అనే రకం పేరు ఉంటే మాత్రం పెరీక్ కూడా కావాలి. లూసియానా సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాల్లో అదిమి పులియబెట్టే ఆకు అది, అర గ్రాముతో మొదలుపెట్టు. నీది ఏ రకమో ఫోటో తీసి పంపు, చూసి చెప్తా.

బాబాయ్