పోయిన ఏటి ధర, ఈ ఏటి మిర్చి

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. పోయిన ఏడు మా పక్క పొలం వారి తేజ రకం మిర్చి మార్కెట్ యార్డులో క్వింటాలు 20,000 రూపాయలు పలికింది. అంతకు తక్కువకు అమ్మేది లేదని మా నాన్నగారు ఈ ఏటి టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. ధర 13,000 దగ్గరే ఉంది; అద్దె, వడ్డీ పెరుగుతున్నాయి. ధర పెరగదని నేను మొదటే చెప్పాను. ఇది మొండితనం కాదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మొండితనమంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. ముందుగా చెవినపడిన అంకె తరువాతి అంచనాలను తన వైపు లాగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన వ్యాసంలో చూపారు. అంకెల చక్రాన్ని కొందరికి 10 దగ్గర, మరికొందరికి 65 దగ్గర ఆగేలా ముందే అమర్చి, ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో ఆఫ్రికా దేశాలు నూటికి ఎన్ని ఉంటాయని అడిగితే, 10 చూసినవారి మధ్యస్థ అంచనా 25గా, 65 చూసినవారిది 45గా వచ్చింది. ప్రశ్నతో ఏ సంబంధమూ లేని చక్రమే అంత పని చేస్తే, పక్క పొలం వారు నిజంగా చేతికి అందుకున్న 20,000 ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఆలోచించండి.

అదే ఇద్దరూ 1979లో మరో సంగతి చెప్పారు: లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే మొత్తం నష్టం పెట్టే బాధ పెద్దది; పైగా నష్టపోతున్నామనుకున్న మనిషి దాన్ని ఖాయం చేసుకోలేక, ఇంకా ఎక్కువ పోగొట్టే పందేనికైనా సిద్ధపడతాడు. అయితే ఇక్కడ నష్టాన్ని ఎక్కడి నుంచి లెక్కిస్తున్నారన్నదే అసలు ప్రశ్న. సాగు ఖర్చు ఎంతయిందో మీరు రాయలేదు. లెక్క అక్కడి నుంచి మొదలుకావాలి గాని పోయిన ఏటి ధర నుంచి కాదు.

మీరు రాసిన ‘మొదటే చెప్పాను’ అన్న మాటనూ కొంచెం పరీక్షించుకోండి. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, మాస్కో పర్యటనలకు ముందు, ఏయే పరిణామాలకు ఎంత అవకాశముందో పరిశోధకులు బారుక్ ఫిషాఫ్, రూత్ బేత్ విద్యార్థుల చేత అంచనా వేయించారు. పర్యటనలు ముగిశాక తమ అంచనాలను గుర్తు చేసుకోమంటే, జరిగాయని నమ్మినవాటికి తాము అంతకుముందే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు చాలామంది తలచుకున్నారు. ధర పెరగదని ఆనాడు మీకు నిజంగా ఎంత నమ్మకం ఉండేదో ఈనాటి జ్ఞాపకం సరిగా చెప్పకపోవచ్చు. తండ్రీకొడుకుల మధ్య మాట పెరిగేది ఇలాంటి చోటే.

నిలవ పెట్టడమే తప్పని నేను అనను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు యార్డుకు వెల్లువెత్తుతుంది కాబట్టి ఆగడానికి సరైన కారణాలే ఉండవచ్చు. కాని అవి నిలవలను, ఎగుమతి గిరాకీని, రాబోయే పంటను చూసి చెప్పేవి కావాలి. ఇప్పటిదాకా కట్టిన అద్దె అమ్మినా రాదు, ఆపినా రాదు. లెక్కలోకి రావలసింది ఇకపై కట్టేదే. నాన్నగారిని ఒక్కటి అడగండి: ఈ సరుకు బదులు ఇవాళ్టి ధరకు సరిపడే నగదు చేతిలో ఉంటే, ఆ డబ్బుతో ఇదే మిర్చి కొని, అద్దె కట్టి ఉంచుతారా? కాదంటే మొత్తం ఒకేసారి తెగనమ్మమని పట్టుబట్టకుండా, మూడు భాగాలు చేసి, ఏ భాగం ఏ తేదీలోపు అమ్మాలో ఆయన చేతనే కాగితం మీద రాయించండి. మొదటి భాగం తేదీని అద్దె మళ్లీ కట్టవలసిన రోజుకు ముందే ఉంచమనండి.