జీతం ఎవరి పద్దులోంచి వస్తుందో ముందు అడగండి

గాజువాక నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మా అమ్మాయి ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తి చేసింది. యూనివర్సిటీలో పబ్లిక్ పాలసీ మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటి ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా 11 నెలలకు రమ్మంటోంది. యూనివర్సిటీ ఉద్యోగమే కదా, మెల్లగా పర్మనెంట్ చేస్తారులే అంటోంది. బ్యాంకు కోచింగ్‌కి ఇప్పటికే ఫీజు కట్టాం. ఏం చేయమంటారు?"

అయ్యా, ముందు అమ్మాయికి వచ్చిన ఆర్డరు కాగితం తీసి చివరి పేరాలు చదవండి. 'కో-టెర్మినస్ విత్ ద ప్రాజెక్ట్' అన్న ముక్క ఎక్కడో ఒకచోట ఉంటుంది. ప్రాజెక్టు ముగిసిన రోజే ఉద్యోగమూ ముగుస్తుందని అర్థం. గేటు మీద యూనివర్సిటీ పేరున్నా, ఈ జీతం యూనివర్సిటీ పద్దులోది కాదు. కాబట్టి పర్మనెంట్ ఆశ మాత్రం పక్కన పెట్టేయండి. అలాగని చేరొద్దని చెప్పడం లేదు.

ఇలాంటి కేంద్రాలన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. డబ్బు వచ్చే దారులు మాత్రం వేరు. మన ఆంధ్రా యూనివర్సిటీనే చూడండి. అక్కడి వ్యవసాయ ఆర్థిక పరిశోధన కేంద్రానికి కేంద్ర వ్యవసాయ శాఖ, జనాభా పరిశోధన కేంద్రానికి కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ గ్రాంటు ఇస్తాయి. ఏం అధ్యయనం చేయాలో కూడా చాలావరకు ఆ శాఖలే చెబుతాయి. నచ్చిన అంశం ఎంచుకునే వీలు తక్కువే అయినా, ఏటా గ్రాంటు వస్తుందన్న ధీమా ఉంటుంది. పుణెలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ సంగతి వేరు. 1930లో ఆర్.ఆర్. కాలే అనే దాత ఇచ్చిన నిధితో అది మొదలైంది. అలాంటి దాతలు మన వైపు అరుదు.

మిగిలినవి చాలావరకు ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకి బతికేవే. సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చేందుకు కేంద్రం 1969లో పెట్టిన ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఒక ప్రాజెక్టు ఇస్తుంది, రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఏదో ఇంకోటి ఇస్తుంది, మధ్యలో ఖాళీ. విదేశీ నిధుల మీద ఆధారపడ్డవాళ్ల పరిస్థితి ఇంకా సున్నితం. ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 1973 నుంచి ఉన్న సంస్థ, దేశమంతా పేరున్నది. 2023 ఫిబ్రవరిలో దాని ఎఫ్‌సీఆర్‌ఏ లైసెన్సు, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, కేంద్రం సస్పెండ్ చేసింది, 2024 జనవరిలో రద్దే చేసింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నిధులు ఆగేసరికి చాలామంది పరిశోధకులు బయటికి రావాల్సి వచ్చింది. అంత పెద్ద పేరూ వాళ్ల జీతాలను కాపాడలేకపోయింది.

ఇక గ్రాంటు మంజూరైనా చేతికి రావడం ఇంకో కథ. డబ్బు వాయిదాల్లో వస్తుంది. మొదటి వాయిదాకి లెక్క చెప్పి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) పంపితేగాని రెండోది కదలదు. నేను చదువు అయిన కొత్తలో ఇలాంటి ఒక కేంద్రంలోనే చేరాను. నాలుగు నెలలు జీతం లేదు. ఎప్పుడడిగినా "యూసీ పంపాం, ఫైలు నడుస్తోంది" అనేవారు. సర్వేకి వెళ్లే పాడేరు బస్సు ఛార్జీకి రూమ్మేటు దగ్గర అప్పు చేశాను. ఐదో నెలలో మొత్తం ఒకేసారి పడింది, సగం అప్పులకే పోయింది.

అయినా ఆ 11 నెలలు వృథా అనను. పాడేరు పైన ఒక ఊళ్లో సర్వే ఫారం పట్టుకుని ఒక ముసలావిడని "ఎన్ని ఎకరాలు?" అని అడిగాను. "ఎకరాలు నాకేం తెలుసు బాబూ, రెండు కుంచాల విత్తనాలు పడతాయి" అంది. నా ఫారంలో కుంచాలకి గడి లేదు. ఢిల్లీలో తయారైన ప్రశ్నకీ మన కొండల మీది జవాబుకీ ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. ఆ సాయంత్రం ఫారం అంచున పెన్సిల్‌తో రాసుకున్న లెక్కలు తర్వాత మా రిపోర్టులో ఒక పేజీ అయ్యాయి. క్లాసులో కూర్చుంటే ఆ పేజీ నాతో ఎవరూ రాయించేవారు కాదు.

అందుకని అమ్మాయి చేరేముందు కేంద్రం డైరెక్టర్‌ని మర్యాదగానే కొన్ని విషయాలు అడగాలి. నిధులు ఎవరివి, శాంక్షన్ లెటర్ వచ్చిందా, మొదటి వాయిదా ఖాతాలో పడిందా. ప్రాజెక్టు మీద ఇంకా ఎన్ని నెలలు మిగిలున్నాయి. రిపోర్టులో తన పేరు వేస్తారా, ఆ డేటాని రేపు పీహెచ్‌డీకి వాడుకోనిస్తారా. చివరి రెండింటికీ "చూద్దాంలేమ్మా" అన్న జవాబు వస్తే నేనైతే చేరమనను. జీతం కాస్త ఆలస్యమైనా ఓర్చుకోవచ్చు, పేరూ డేటా కూడా దక్కకపోతే మిగిలేది ఫారాలు నింపిన అనుభవమే.

చేరితే మాత్రం లెక్చరర్ అర్హతకీ, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కీ పెట్టే యూజీసీ నెట్ పరీక్ష వదలకూడదు. అందులో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోగా (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000. పైగా అది అమ్మాయి పేరు మీద వచ్చే ఫెలోషిప్. కేంద్రం ప్రాజెక్టు ముగిసినా అది ఆగదు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకి కూడా ఎం.ఏ. ఎకనామిక్స్ సరిపోతుంది. మన పిల్లల్లో చాలామందికి ఆ పరీక్ష ఒకటుందనే తెలియదు.

ఇంట్లో వెంటనే స్థిరమైన జీతం కావాలంటే మాత్రం మొహమాటం లేకుండా బ్యాంకు వైపే వెళ్లమనండి, అందులో చిన్నతనమేమీ లేదు. రెండూ కలిపి చేస్తానంటే ఒప్పుకోకండి. తెల్లారి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరిన మనిషి రీజనింగ్ లెక్కలు చేయలేదు. బ్యాంకు పీవో పరీక్షలకు 30 ఏళ్ల దాకా వయసుంది, ఒక ఏడాది ఆగినా కొంప మునగదు. కోచింగ్ ఫీజు గురించి బెంగ ఉంటే, వచ్చే ఏడాది బ్యాచ్‌కి మార్చమని రేపే అడిగి చూడండి. క్లాసులు మొదలవకముందైతే ఒక్కోచోట ఒప్పుకుంటారు.