నాన్నగారికి గ్యాస్‌తో మత్తు ఇవ్వమని అడగాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. న్యుమోనియా ముదిరి ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు బాగా వాచి రక్తానికి ఆక్సిజన్ అందని స్థితి) వచ్చిందని వెంటిలేటర్ పెట్టారు. మత్తు కోసం పాలలా తెల్లగా ఉండే మందు నరంలోకి ఎక్కిస్తున్నారు. అదే మత్తు పీల్చే గ్యాస్‌గా ఇస్తే ఊపిరితిత్తుల వాపు కూడా తగ్గుతుందని నెట్‌లో చదివాను. ఇక్కడ ఆ సౌకర్యం లేదట. ఉన్న ఆసుపత్రికి మార్చమంటారా?

జవాబు: ఈ ఒక్క కారణంతో అయితే మార్చొద్దు. ఈ స్థితిలో ఉన్నవారిని అంబులెన్స్ ఎక్కించడమే పెద్ద రిస్క్, దారిలో ట్యూబ్ కాస్త జరిగినా ప్రాణం మీదకొస్తుంది. ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి మిషన్‌తో ఆక్సిజన్ కలిపి తిరిగి ఎక్కించడం) లాంటి చికిత్స అవసరమై అక్కడి డాక్టర్లే పంపిస్తామంటే అది వేరే విషయం, అప్పుడు ఆలస్యం చేయకండి.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు, పాతబడిందంతే. సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్ అనేవి ఆపరేషన్ థియేటర్లలో రోజూ వాడే మత్తు మందులే. ఐసీయూలో ఇవ్వాలంటే నోట్లోని ట్యూబుకీ వెంటిలేటర్ గొట్టాలకీ మధ్య ఒక చిన్న పరికరం బిగిస్తారు. సిరంజి పంపు నుంచి వచ్చే మందు అందులో ఆవిరవుతుంది, పేషెంట్ వదిలిన ఆవిరిలో చాలా భాగాన్ని లోపలున్న కార్బన్ పొర పట్టుకుని తర్వాతి శ్వాసతో మళ్లీ లోపలికి పంపుతుంది. మందు ఎక్కువగా ఊపిరితోనే బయటికి పోతుంది కాబట్టి ఆపాక మెలకువ త్వరగా వస్తుంది. 2017లో ఫ్రాన్స్‌లో 50 మంది మీద చేసిన చిన్న అధ్యయనంలో, మిడజోలామ్ అనే మరో మత్తు ఇంజెక్షన్‌తో పోలిస్తే సెవోఫ్లురేన్ తీసుకున్నవాళ్లలో ఆక్సిజన్ మెరుగ్గా కనిపించింది. మాలాంటివాళ్లం చాలామందిమి అప్పుడు గట్టిగానే ఆశపడ్డాం.

కానీ ఆ తర్వాత అక్కడే 37 ఐసీయూల్లో, ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్న 687 మందితో సెసార్ అనే పెద్ద ట్రయల్ చేశారు. ఈసారి పోటీ ప్రొపోఫాల్‌తో, అంటే మీ నాన్నగారికి ఎక్కిస్తున్న ఆ తెల్ల మందు దాదాపుగా అదే అయ్యుంటుంది. ఫలితాలు 2025లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. 90 రోజులకు ప్రాణాలతో ఉన్నవాళ్లు ప్రొపోఫాల్ వైపు 55.7 శాతం, సెవోఫ్లురేన్ వైపు 47.1 శాతం. వెంటిలేటర్ అవసరం లేకుండా గడిపిన రోజులు కూడా గ్యాస్ వైపే తక్కువ. ఇది సెవోఫ్లురేన్ గురించే, ఐసోఫ్లురేన్‌కు ఇదే వర్తిస్తుందని చెప్పలేం. అయినా ఏఆర్‌డీఎస్‌లో ఊపిరితిత్తులను కాపాడుతుందని గ్యాస్ కోసం వెతుక్కుంటూ వెళ్లాల్సిన అవసరం మాత్రం లేదు. విపరీతమైన ఆస్తమాతో శ్వాసనాళాలు బిగుసుకుపోతే వాటిని వదులు చేయడానికి ఈ గ్యాస్‌లు పనికొస్తాయి, మీ నాన్నగారి సమస్య అది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏఆర్‌డీఎస్‌లో కావాలనే చిన్న చిన్న శ్వాసలు ఇస్తాం, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువుకి కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున. 60 కిలోలకు 360 మిల్లీలీటర్లు. అందులో 50 నుంచి 100 మిల్లీలీటర్లు ఆ పరికరంలోనే తిరుగుతుంటే కార్బన్ డయాక్సైడ్ పెరగదా?

అలాగని ప్రొపోఫాల్‌కి సమస్యలు లేవని కాదు. బీపీ పడిపోవచ్చు, అది నూనెలో కలిపిన మందు కాబట్టి ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరగొచ్చు, ఎక్కువ డోసు రోజుల తరబడి నడిస్తే గుండె మీదా కండరాల మీదా దెబ్బ పడొచ్చు (అరుదే, కానీ ప్రమాదకరం). ట్రైగ్లిజరైడ్లు చూస్తున్నారా అని అడగండి, తప్పేం లేదు.

నన్నడిగితే మత్తు ఏ దారిన వెళ్తోందన్నదాని కన్నా ఎంత లోతుగా ఉందన్నదే ముఖ్యం. రౌండ్స్ అప్పుడు సూటిగా అడగండి: ఇవాళ ఇంత మత్తు నిజంగా కావాలా, ఎప్పుడు తగ్గిస్తారు? కండరాలు సడలించే మందు కూడా నడుస్తుంటే మాత్రం లోతైన మత్తు తప్పదు, అప్పుడు లేపమని ఒత్తిడి పెట్టకండి. బోర్లా పడుకోబెడుతున్నారా అనీ అడగండి. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో రోజుకు కనీసం 16 గంటలు అలా ఉంచితే మరణాలు బాగా తగ్గాయని 2013లోనే తేలింది, మత్తు మందు మార్చడం కన్నా దాని విలువ ఎన్నో రెట్లు ఎక్కువ.

మత్తు తగ్గించినప్పుడు ఆయన మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు, ట్యూబ్ లాగేయబోవచ్చు. టెన్షన్ పడకండి, చాలామందిలో అది కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఆయన కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే ఇప్పుడే నర్సుకు ఇచ్చి ఉంచండి, మెలకువ వచ్చాక అయోమయం కాస్త తగ్గుతుంది.