కోణం కాదు తమ్ముడూ, మారేది వెలుగు

తమ్ముడూ,

అయస్కాంతంతో లిక్విడ్ క్రిస్టల్ (ద్రవంలా పారుతూనే అణువులు ఒకే వరసలో ఉండే పదార్థం) గ్రేటింగ్‌ని, అంటే కాంతిని చుక్కలుగా విడగొట్టే చారల పొరని, ట్యూన్ చేయడం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "నేటి ఆధునిక యుగంలో" అన్న మొదటి పేరా కొట్టేయ్, సగం మంది అక్కడే వెళ్లిపోతారు. నాలుగో పేరాలో వరిచేను ఉంది చూడు, అక్కడ మొదలుపెట్టు. గాలికి చేనంతా వాలినట్టు లిక్విడ్ క్రిస్టల్ అణువులు అయస్కాంత క్షేత్రం వైపు తిరుగుతాయన్నావు, బాగుంది. కానీ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా నువ్వే చెప్పాలి. వరికి వేరు ఒకవైపే. ఇక్కడ పైనా కిందా రెండు గాజు పలకలూ అణువుల్ని పట్టుకుని ఉంటాయి, అందుకే ఎక్కువగా తిరిగేవి మధ్యలోవే, బట్టల దండెం మధ్యలో జారినట్టు. పైగా అణువుల వరసకి తలా తోకా లేవు, తలకిందులు చేసినా అదే దిశ. ఈ సంగతి అణువుల దిశ లెక్కించే కోడ్‌కి తెలియకపోతే లేని మెలికలు చూపిస్తుంది, వాటిని కొత్త ఆవిష్కరణ అనుకుని నేను ఓ వారం మురిసిపోయాను.

ఇక అసలు తప్పు. అయస్కాంతం దగ్గరికి తెస్తే కాంతి వంగే కోణం మారుతుందని రాశావు. నీ గ్రేటింగ్‌లో అణువులు ఒక చారలో గాజుకి సమాంతరంగా, పక్క చారలో నిలువుగా ఉన్నాయి. ఆ చారల దూరం గాజు మీద ముందే గీసేసింది, అయస్కాంతం దాన్ని కదపలేదు. చారలు 40 మైక్రాన్లకోసారి తిరిగి వస్తుంటే 633 నానోమీటర్ల ఎర్ర లేజర్ మొదటి చుక్క సుమారు 0.9 డిగ్రీల దగ్గర, అంటే రెండు మీటర్ల దూరంలోని గోడ మీద మూడు సెంటీమీటర్లు పక్కన పడుతుంది, క్షేత్రం ఎంత పెంచినా అక్కడే. మారేది ఆ చుక్క వెలుగు. పలకలకి లంబంగా క్షేత్రం పెడితే పడుకున్న చారలు లేస్తాయి, పక్క చారలకీ వాటికీ తేడా తగ్గుతుంది, చివరికి చుక్క మసకబారుతుంది. "ట్యూన్" అన్న మాట వాడినప్పుడల్లా ఏది ట్యూన్ అవుతోందో పక్కనే రాయి.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన పొర మందం దగ్గరే కథంతా ఉంది. 5సీబీ అనే లిక్విడ్ క్రిస్టల్‌తో చారలు లేకుండా, అంతా సమాంతరంగా ఉన్న 10 మైక్రాన్ల పొరని కదిలించాలంటే దాదాపు 0.8 టెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) కావాలి, మామూలు అయస్కాంతం పక్కన పెడితే వచ్చే క్షేత్రం కాదది. పొరని 100 మైక్రాన్లు చెయ్యి, అణువులు కదలడం మొదలయ్యే ఈ గడప 0.08కి దిగుతుంది. హాయిగా ఉందా? క్షేత్రం తీసేశాక వెనక్కి రావడానికి పట్టే కాలం మందం వర్గంతో పెరుగుతుంది, సెకనులో పదో వంతు ఉన్నది పది సెకన్లు దాటుతుంది. పైగా 20 మైక్రాన్ల వెడల్పు చారలు అంత లోతులో కలగాపులగమై గ్రేటింగే మిగలదు. ఈ ఇరకాటం చదివేవాడి చేతికి తగలాలి. (చారలుంటే గడప కూడా అంత పదునుగా ఉండదు, పక్క చార ప్రభావంతో అంచుల్లో అణువులు ముందే కొంచెం వాలి ఉంటాయి. మోడల్‌లో పదునైన గడప వస్తే అనుమానించు.)

ఒక మేలు మాత్రం ఉంది, అది నీ వ్యాసంలో లేదు. విద్యుత్ క్షేత్రమైతే అణువులు తిరిగేకొద్దీ క్షేత్రమే మారుతుంది, రెండూ కలిపి లెక్కించాలి. అయస్కాంత క్షేత్రాన్ని ఈ పదార్థం దాదాపు పట్టించుకోదు, దాన్ని స్థిరంగా ఉంచేసి అణువుల వంపు శక్తి, క్షేత్రం వల్ల వచ్చే శక్తి రెండింటి మొత్తాన్ని తగ్గించుకుంటూ పోతే చాలు.

చుక్కల వెలుగు లెక్కకి మనవాళ్ల దారే ఉంది. గ్రేటింగ్‌లా పనిచేసే శబ్ద తరంగాల మీద కాంతి చెదరడం గురించి 1935-36లో సి.వి. రామన్, ఆయనతో కలిసి నాగేంద్రనాథ్ బెంగళూరులో చేసిన పని అది. రామన్ చిన్నప్పుడు విశాఖలో చదివాడు, ఆ ముక్క వేసుకో, కానీ దాని చుట్టూ పేరా అల్లకు. కాంతి దశ (తరంగం ఎంత వెనకబడిందన్నది) చారల మీదుగా సైను వంపులో మారితే ఒక పక్క మొదటి చుక్కకి గరిష్ఠంగా వెళ్లేది సుమారు 34 శాతం. నీ కోడ్ అలాంటి పలచని గ్రేటింగ్‌కి 60 ఇస్తే కోడ్‌దే తప్పు. కాంతి ధ్రువణాన్ని (తరంగం ఊగే దిశని) పడుకున్న అణువులకి అడ్డంగా తిప్పి కూడా చూడు, చుక్కలు మాయమవ్వాలి.

మాటల గురించి అడిగావు కదా. "ద్రవ స్ఫటికం" ఒక్కసారి చెప్పి, తర్వాత లిక్విడ్ క్రిస్టల్ అనే రాయి. గ్రేటింగ్‌కి "జాలకం" అంటే కిటికీ గుర్తొస్తుంది, వద్దు.

ఉష్ణోగ్రత కూడా రాయి. ఒక మే నెలలో మా ల్యాబ్‌లో ఏసీ ఆగి చుక్కలన్నీ పోయాయి, రెండు రోజులు కోడ్ వెతికాను టెన్షన్‌తో. 5సీబీ 35 డిగ్రీలు దాటితే మామూలు ద్రవమే, మన ఎండాకాలం గదికి అదేం పెద్ద లెక్క!

మందం భాగం మళ్లీ రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

మీ అన్న