లెట్యూస్ ర్యాప్‌లో కీమా నీళ్ళోడుతుంటే

లెట్యూస్ ఆకులో కీమా చుట్టుకుని తినే ర్యాప్ చేస్తే, కీమాలో నీళ్ళూరి, లెట్యూస్ ఆకు చిరిగి, పిల్లల బట్టలన్నీ సాస్ అయ్యాయని రాశారు కదండీ. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంట్లోనూ మొదటి రెండుసార్లు అదే జరిగింది. చివరికి అన్నంలో కలుపుకుని తినేశాం.

చిక్కంతా మూకుడు దగ్గరే. అర కిలో చికెన్ కీమా చిన్న మూకుడులో ఒకేసారి వేస్తే వేగదు, తన నీళ్ళలోనే ఉడుకుతుంది. వెడల్పాటి పెనం బాగా కాలాక రెండు విడతలుగా వేయండి. పెద్ద మంట, మూత అసలు వద్దు. గులాబీ రంగు పూర్తిగా పోయి, అక్కడక్కడా ఎర్రబడ్డాకే సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, రెండు పెద్ద చెంచాల సోయా సాస్, చెంచాడు వెనిగర్ వేయండి. సోయా సాస్‌లోనే బోలెడు ఉప్పుంటుంది కాబట్టి, ఉప్పు చివర్లో రుచి చూసి వేసుకోండి. దించి 5 నిమిషాలు ఆగండి, పొగలు కక్కేది పెడితే ఏ ఆకైనా వాడిపోతుంది.

ఆకుకి క్యాబేజీలా గుండ్రంగా ఉండే ఐస్‌బర్గ్ రకం లెట్యూస్ తీసుకోండి. మొదలు వైపు కిచెన్ గట్టుమీద గట్టిగా కొట్టి తిప్పితే మొదలు ఊడొస్తుంది. ఆ గుంటలోకి కుళాయి నీళ్ళు పట్టండి, ఆకులు చిరక్కుండా విడిపోతాయి. ఐసు నీళ్ళలో 10 నిమిషాలు ఉంచి, బట్టతో తడి లేకుండా తుడవాలి. నేను బద్ధకించేది ఇక్కడే, అప్పుడే మళ్ళీ నీళ్ళు కారతాయి.

కరకరలాడటానికి ఇందులో వేసే వాటర్ చెస్ట్‌నట్ (నీళ్ళలో పెరిగే ఒక దుంప) కోసం ఊరంతా తిరక్కండి. కచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు చల్లండి. మా అత్తగారైతే పైన కాస్త కారప్పొడి కూడా వేసుకుంటారు, బాగానే ఉంటుంది.