రజను ముందే కరుగుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు నగరత్‌పేటలో బంగారుపని చేస్తారు. ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను, కడ్డీ కంటే ముందే కరుగుతుందని ఆయన అంటారు. నానో బంగారం తక్కువ వేడికే కరుగుతుందని కాలేజీలో చెప్పారు. ఈ రెండూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కావు. మీ నాన్నగారు గమనించినది నిజమే గాని, అది వ్యవధికి సంబంధించినది. సన్నని రేణువు మంట తగలగానే మొత్తంగా వేడెక్కుతుంది, కడ్డీకి ఆలస్యమవుతుంది. కరిగే ఉష్ణోగ్రత మాత్రం మేలిమి బంగారమైతే రెండింటికీ 1064 డిగ్రీల సెల్సియసే. ఆకురాయి రజను ఎంత మెత్తగా ఉన్నా దాని రేణువులు పదుల మైక్రాన్ల మేర, అంటే పదివేల నానోమీటర్లకు (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు) పైగా ఉంటాయి కనుక, వాటిలో పరిమాణం వల్ల కరిగే ఉష్ణోగ్రతలో వచ్చే తగ్గుదల డిగ్రీలో పదో వంతుకు కూడా చేరదు.

అసలు తేడా కొద్ది నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. 2 నానోమీటర్ల బంగారు రేణువులో ఉండే సుమారు 250 పరమాణువులలో సగానికి పైగా ఉపరితలం మీదే ఉంటాయి. వాటికి ఒకవైపు పొరుగు పరమాణువులు లేవు కాబట్టి పట్టు సడలి ఉంటుంది. పైగా ద్రవ ఉపరితలానికి అయ్యే శక్తి ఘన ఉపరితలానికి అయ్యేదాని కంటే తక్కువ కావడంతో, రేణువు చిన్నదవుతున్నకొద్దీ ద్రవంగా మారడమే దానికి లాభసాటి అవుతుంది. ఈ తగ్గుదల వ్యాసానికి దాదాపు విలోమానుపాతంలో ఉంటుంది. పావ్లోవ్ 1909లో సిద్ధాంతరీత్యా ఊహించిన ఈ సంగతిని తకాగి 1954లో సీసం, తగరం, బిస్మత్ పలుచని పొరలపై ఎలక్ట్రాన్ వివర్తనంతో, అంటే ఎలక్ట్రాన్లు పరమాణువుల అమరికను బట్టి చెదిరే తీరును గమనించి, చూపారు. బంగారు రేణువులపై బ్యూఫా, బోరెల్ 1976లో ప్రచురించిన కొలతల్లో, అతి చిన్నవాటికి తగ్గుదల వందల డిగ్రీలు ఉంది.

అయితే ‘చిన్నదైతే ముందే కరుగుతుంది’ అని పాఠ్యపుస్తకాలు తేల్చి చెప్పడం నాకు అసంపూర్ణంగా తోస్తుంది, ఎందుకంటే రేణువు చుట్టూ ఏముందన్నది కూడా అంతే ముఖ్యం. మీ ఊళ్లోని భారతీయ విజ్ఞాన సంస్థలో చట్టోపాధ్యాయ, గోస్వామి ఈ విషయంపై విస్తృతంగా పనిచేశారు. కరిగిన అల్యూమినియం–సీసం మిశ్రమాన్ని వేగంగా తిరిగే చక్రంపై పోసి చల్లార్చితే, అల్యూమినియం స్ఫటికాల్లో సీసపు నానో రేణువులు చిక్కుకుపోతాయి. వాటి ముఖాలు అల్యూమినియం ముఖాలతో చక్కగా పొసగినప్పుడు, అవి సీసానికి మామూలైన 327 డిగ్రీలు దాటినా కరగకుండా నిలుస్తాయి. స్ఫటికాల సరిహద్దుల్లో పడిన రేణువులకు అంతటి అమరిక ఉండదు కాబట్టి, ఒకే నమూనాలో కొన్ని ముందు, కొన్ని ఆలస్యంగా కరుగుతాయి.