ఈఎంఐ ఎలాగూ కడుతున్నాం కదా, కారులోనే వెళ్లనా?

ప్రశ్న: మేం నగరానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాం. కొత్త ఉద్యోగంలో వారానికి మూడు రోజులు నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసుకు వెళ్లాలి. కారులో మంచి రోజున గంట పడుతుంది, రద్దీ ఉంటే గంటన్నర దాటుతుంది. రైలులో ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా 85 నిమిషాలు. అందులో 35 నిమిషాలు నడకకు, ఎదురుచూపులకే పోతాయి. నెల పాస్ ధర పెట్రోలు ఖర్చు కంటే ఐదో వంతు ఎక్కువ. ఇంట్లో రెండు కార్లున్నాయి, ఒకదానికి ఈఎంఐ ఇంకా రెండేళ్లు ఉంది. ఎలాగూ కడుతున్న కారును ఇంట్లో పెట్టుకుని రైలు పాస్ కొనడం దండగ కాదా?

జవాబు: ముందు ఆ దండగ సంగతి చూద్దాం. కారు బయటికి తీసినా, తీయకపోయినా ఈఎంఐ కట్టాల్సిందే. బీమా, పన్ను కూడా అంతే. మీరు ఎలా వెళ్లినా మారని ఖర్చును కారు పక్కనా రాయొద్దు, రైలు పక్కనా రాయొద్దు. ‘కడుతున్నాం కాబట్టి వాడేద్దాం’ అనుకుంటే మనసుకు తృప్తిగా ఉంటుందేమో గానీ, జేబుకు ఒరిగేదేమీ లేదు.

అలాగని మారే ఖర్చు పెట్రోలొక్కటే కాదు. రోజుకు 80 కిలోమీటర్లు, వారానికి మూడు రోజులు. సెలవులు పోగా ఏడాదికి 46 వారాలు వేసుకున్నా 11,000 కిలోమీటర్లు దాటుతుంది. చాలా కార్లకు 10,000 కిలోమీటర్లకో ఏడాదికో సర్వీసింగ్ చేయించమంటారు. అంటే ఒక్క ఆఫీసు తిరుగుడుకే ఏడాదికో సర్వీసింగ్ అయిపోతుంది. టైర్లు 40, 50 వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే నాలుగేళ్లకో సెట్టు దీని ఖాతాలోకే వెళ్తుంది. ఇక మైలేజీ. లీటరుకు 15 అనుకుంటే ఏడాదికి 736 లీటర్లు చాలు. రద్దీలో అది 12కు పడిపోతే 920 లీటర్లు కావాలి. మీకు నిజంగా ఎంత వస్తోందో తెలియాలంటే ట్యాంకు నిండా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, కారును ఆఫీసుకు మాత్రమే తిప్పి, మళ్లీ నింపించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి.

అందరూ మర్చిపోయేది కారు విలువ తగ్గడం. కొంత విలువ వయసు వల్ల తగ్గుతుంది, అది మీ చేతిలో లేదు. తిరిగిన కిలోమీటర్ల వల్ల తగ్గేది మాత్రం లెక్కలోకి రావాలి. కనుక్కోవడం కష్టమేం కాదు. మీ మోడలే, అదే సంవత్సరానిది, ఒకటి 30,000 తిరిగింది, ఇంకొకటి 60,000 తిరిగింది, అలాంటి రెండు కార్లకు పాత కార్ల ప్రకటనల్లో ఎంత అడుగుతున్నారో చూడండి. ఆ తేడాను 30,000తో భాగిస్తే కిలోమీటరుకు ఎంత కరుగుతోందో వస్తుంది. ఒక్క జత చూసి నమ్మకండి, నాలుగైదు జతలు చూడండి.

ఇప్పుడు నెల పెట్రోలు 100 అనుకుందాం. కింద నేను వేసే అంకెలు ఉదాహరణకే, వాటి స్థానంలో మీవి పెట్టుకోండి. సర్వీసింగ్, టైర్లకు 20, విలువ తగ్గుదలకు 35, ఆఫీసు దగ్గర పార్కింగ్‌కు 50 వేస్తే కారు 205 అవుతుంది. రైలు పాస్ 120, స్టేషన్ దగ్గర బండి పెట్టడానికి, దిగాక ఆఫీసుకు చేరడానికి ఇంకో 35, మొత్తం 155. పాస్ విషయంలో ఒక మాట. దాని ధర ఎన్ని రానుపోను టికెట్లకు సమానమో లెక్కేయండి. 16 రోజుల టికెట్ల ధర అయితే, నెలకు 12, 13 రోజులు వెళ్లే మీకు విడి టికెట్లే చవక. ఇంటి నుంచి పని పెరిగాక పాత పాస్‌లు చాలామందికి గిట్టుబాటు కావడం లేదు. అందుకే బ్రిటన్ రైళ్లలో 28 రోజుల్లో ఏవైనా 8 రోజులు తిరిగేలా 2021లో కొత్త పాస్ తెచ్చారు. మీ దగ్గరా అలాంటిదేమైనా ఉందేమో అడగండి.

డబ్బు వరకు రైలే నయం. కానీ మీ సమయానికీ ఓ విలువుంది, అక్కడ కథ కొంచెం తిరగబడుతుంది.

అమెరికా రవాణా శాఖ రోడ్లు, రైలు మార్గాల లాభనష్టాలు చూసేటప్పుడు, రోజువారీ సొంత ప్రయాణంలో గంటను గంట సంపాదనలో సగంగా లెక్కిస్తుంది. నడక, ఎదురుచూపు, నిలబడి ప్రయాణం అయితే పూర్తి సంపాదనగా తీసుకుంటుంది. ప్లాట్‌ఫారం మీద పది నిమిషాలు సీట్లో కూర్చున్న ఇరవై నిమిషాలంత భారం అన్నమాట. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఒంటికి తెలిసే విషయమే అది.

మీకు అన్వయిస్తే, కారులో మంచి రోజున 55 నిమిషాల డ్రైవింగ్‌కు సగం, 5 నిమిషాల నడకకు పూర్తి, దాదాపు 32 నిమిషాల జీతం. రైలులో కూర్చుని వెళ్తే 50లో సగం 25, బయటి 35 కలిపి 60. రానుపోను రైలు మీ దగ్గర రోజుకు దాదాపు గంట జీతం ఎక్కువ తీసుకుంటోంది. నిలబడి వెళ్తే అది గంటా ముప్పావు. అదే రైలు, అదే టికెట్, సీటు దొరకడమే తేడా. అయితే ఉదయం ముఖ్యమైన మీటింగ్ ఉంటే మీరు మంచి రోజును నమ్ముకుని బయల్దేరరు కదా? గంటన్నర డ్రైవింగ్‌కు సరిపడా ముందే బయల్దేరతారు. అప్పుడు కారు కూడా 50 అయిపోతుంది, ఆ ఒక్క వైపు ప్రయాణానికి తేడా పది నిమిషాలకు దిగుతుంది. రద్దీ ఎప్పుడుంటుందో తెలియని టెన్షన్‌కు నేను ధర కట్టలేదు, అది మీరే కట్టుకోండి.

‘రైలులో ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకుంటా’ అనే మాటను మాత్రం లెక్కలో వేయకండి. ఆ గంటను ఆఫీసు డ్యూటీ టైముగా ఒప్పుకుంటేనే అది డబ్బు. లేకపోతే మీరు ఉచితంగా ఎక్కువ పని చేస్తున్నట్టే. నిద్రపోండి, చదువుకోండి, అదే మేలు.

కాబట్టి రెండు వారాలు రైలులో, రెండు వారాలు కారులో వెళ్లి చూడండి. బయల్దేరిన టైము, చేరిన టైము, సీటు దొరికిందా లేదా, ఫోన్‌లో రాసుకోండి. సైకిలు మీద స్టేషన్‌కు వెళ్తే ఆ 35 నిమిషాల్లో పది తగ్గుతాయేమో చూడండి. మీ దారిలోనే వెళ్లే సహోద్యోగి దొరికితే పార్కింగ్, పెట్రోలు ఇద్దరి మధ్య పడతాయి, రైలు టికెట్లు మాత్రం రెండు కొనాల్సిందే. అప్పుడు కారు తేలిగ్గా గెలవొచ్చు.

ఇక నగరంలోకి వచ్చే కారుకు రుసుము. సింగపూర్ 1975లో మొదలుపెట్టింది, లండన్ 2003లో, స్టాక్‌హోమ్ 2007 నుంచి శాశ్వతంగా, న్యూయార్క్ 2025 జనవరిలో. మీ నగరంలో లేదంటే రేపూ ఉండదని కాదు.

ఇంతవరకు చెప్పినదంతా చిన్న లెక్క. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరే ఉంది. రైలు మీకు కుదిరితే, ఈఎంఐ కడుతున్న ఆ రెండో కారు ఇంట్లో అవసరమా? ఆ కారు ఇంట్లో ఉన్నంతకాలం మీరు మిగిల్చేది పార్కింగ్, పెట్రోలు డబ్బులే. అది ఇల్లు దాటితే మొదట్లో లెక్కలోంచి తీసేసిన ఈఎంఐ, బీమా, పన్ను అన్నీ మళ్లీ లెక్కలోకి వస్తాయి, ఈసారి మిగులుగా. వాటి ముందు నెలకు ఇన్ని టికెట్లన్నది పెద్ద విషయం కాదు. వాన కురిసిన రోజు, ఆఫీసులో ఆలస్యమైన రోజు టాక్సీ పిలిచినా ఇంకా మిగులుతుంది.

తొందరపడి అమ్మేయమనడం లేదు. మూడు నెలలు ఆ కారు తాళం బీరువాలో పెట్టి, ఒక్క కారుతో ఇల్లు గడుస్తుందో లేదో మీ ఇంట్లోవాళ్లతో కలిసి చూడండి. గడిస్తే బ్యాంకును లోన్ ముందే తీర్చేయడానికి ఎంత కట్టాలో, ఏమైనా చార్జీ ఉందో అడిగి, ఆ మొత్తాన్ని కారుకు వచ్చే ధరతో పోల్చండి. ధర తక్కువ వస్తుంటే, ఆ తేడాను మీ దగ్గరున్న డబ్బుతో పూడ్చగలిగితేనే అమ్మండి. దానికోసం కొత్త అప్పు మాత్రం చేయకండి. పూడ్చలేకపోతే, అప్పు బాకీ కారు ధర కంటే కిందికి దిగేదాకా ఆగండి.